నెలకి ఏం నేర్చుకున్నాడు, టీచరుగారూ?

పాఠకుల ప్రశ్నలకు బరంపురంలో ఆటిజం పిల్లల బడిలో పాఠాలు చెప్పే స్పెషల్ ఎడ్యుకేటర్ జవాబులు

ప్రశ్న: మాది పర్లాకిమిడి. బాబుకి ఆరేళ్లు నిండాయి. ఆటిజం అని డాక్టరు చెప్పాక, బరంపురంలో ఇలాంటి పిల్లలకి బడి ఉందని తెలిసి, నేనూ బాబూ ఇక్కడ గది అద్దెకి తీసుకుని ఉంటున్నాం. మావారు కొట్టు వదిలి రాలేరు, ఆదివారాలు వచ్చి వెళ్తారు. బాబుకి ఇంకా ఒక్క మాట రాలేదు. నెలాఖరుకి బడివాళ్లు ఇచ్చే కాగితంలో మార్కులుండవు. ‘చేయి పట్టి చేయించాం’, ‘సైగ చేస్తే చేశాడు’ అని రాసి ఉంటుంది. మా అత్తగారు ఫోన్ చేసినప్పుడల్లా “ఇంత డబ్బు పోసి ఏం నేర్పించారే?” అంటున్నారు. పక్కింటివాళ్లేమో “ఇంట్లో తెలుగు మానెయ్, ఒడియాలోనే మాట్లాడు, రెండు భాషలైతే పిల్లాడు తికమకపడతాడు” అన్నారు. నెలంతా బడిలో అసలేం చేస్తారు? నేనేం చూసుకోవాలి?
— ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు తెలుగు సంగతి చెప్పేస్తాను, అది రేపటికి వాయిదా వేసేది కాదు కాబట్టి. తెలుగు మానకండి. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం ఉన్న పిల్లలకి మాట ఆలస్యం కాదని పరిశోధనలు మళ్లీ మళ్లీ చెప్పాయి. మానేస్తే జరిగే నష్టం మాత్రం నేను చూస్తూనే ఉన్నాను. రాని భాషలో మాట్లాడాల్సి వచ్చేసరికి తల్లి మాటే తగ్గిపోతుంది. జోల ఉండదు, ముద్దు మాట ఉండదు, “ఒరేయ్, అటు పోకురా” అని అలవాటుగా వచ్చే కేక కూడా ఉండదు. పిల్లాడి చుట్టూ మాటలు పలచబడిపోతాయి. పైగా పర్లాకిమిడిలో నాయనమ్మ మాట్లాడేది తెలుగే కదా. ఆవిడతో వాడికి ఏ బంధం కావాలన్నా ఆ భాషలోనే కావాలి. బరంపురంలో మాలో చాలామందికి తెలుగూ ఒడియా రెండూ వచ్చు. మీరు చేయాల్సింది ఒకటే. బాబు రోజూ వినే మాటలు, అంటే అన్నం, నీళ్లు, స్నానం, బయటికి లాంటివి ఇంట్లో మీరు ఎలా అంటారో అలాగే ఒక కాగితం మీద రాసి టీచరుకివ్వండి. మేము బొమ్మ కార్డుల మీద తెలుగులోనూ ఒడియాలోనూ రాస్తాం. బొమ్మ ఎలాగూ ఒకటే.

ఇక నెల సంగతి. ప్రతి పిల్లాడికీ విడిగా ఒక ప్లాన్ ఉంటుంది, ఐఈపీ అంటాం. ఏడాదికి రాసుకున్న దాన్ని నెలకి సరిపడా చిన్న ముక్కలు చేస్తాం. ‘సొంత పనులు నేర్చుకోవాలి’ అని ప్లాన్‌లో ఉంటే, ఈ నెలకి అందులోంచి చేతులు కడుక్కోవడం ఒక్కటే తీసుకుంటాం. తేలిక పనే అనిపిస్తుంది మనకి. కొళాయి దగ్గర నిలబడి చూడండి ఒకసారి. కొళాయి తిప్పాలి, చేతులు తడపాలి, సబ్బు తీయాలి, రెండు చేతులూ రుద్దాలి, సబ్బు పెట్టేయాలి, నురగ పోయేదాకా కడగాలి, కొళాయి కట్టేయాలి, తుడుచుకోవాలి. చాలామంది పిల్లలు కడగడం దాకా వచ్చి ధార చూస్తూ అలాగే నిలబడిపోతారు. కట్టేయడం అనే మెట్టు వాళ్లకి తోచదు. అందుకని టీచరు వెనక నిలబడుతుంది. మొదట్లో చేతి మీద చేయి వేసి కట్టిస్తుంది. కొన్నాళ్లకి మణికట్టు మాత్రం ముట్టుకుంటుంది, ఆ తర్వాత మోచేయి, ఆ తర్వాత ఊరికే కొళాయి వైపు వేలు చూపిస్తుంది. ఆఖర్న పక్కకి తప్పుకుంటుంది. మీ చేతికొచ్చే కాగితంలో ఉన్న మాటలు ఇవే. పోయిన నెల ‘చేయి పట్టి చేయించాం’ అన్నది ఈ నెల ‘సైగ చేస్తే చేశాడు’ అయిందంటే, మధ్యలో ఉన్న మెట్లన్నీ వాడు ఎక్కేశాడన్న మాట. ఆ తేడా ఎంత పెద్దదో అత్తగారికి ఫోన్‌లో చెబితే అర్థం కాదు. కొళాయి దగ్గర ఒక వీడియో తీసి పంపండి.

రోజు ఎప్పుడూ ఒకే వరసలో నడుస్తుంది. రాగానే తన ఫొటో అంటించిన అరలో చెప్పులు, గోడ మీద తన పట్టీ. ఆ పట్టీ మీద ఆ రోజు పనులన్నీ బొమ్మల్లో ఉంటాయి. బల్ల పని, ఉయ్యాల, తిండి, బాత్రూం, ఆట, ఇల్లు. ఒక పని అవగానే ఆ బొమ్మ తీసి ‘అయిపోయింది’ అనే సంచిలో వేస్తాడు. తర్వాత ఏం జరుగుతుందో తెలియకపోవడమే ఈ పిల్లలకి పెద్ద టెన్షన్. మనం ‘మొండితనం’ అనుకునే దాంట్లో సగం అదే. పట్టీ ఉంటే ఏడుపు తగ్గడం నేను ఏళ్ల తరబడి చూస్తున్నాను. మీ గదిలో కూడా ఒకటి పెట్టండి, ఫోన్‌తో తీసిన ఫొటోలు ప్రింట్ చేయించి అట్ట ముక్క మీద అంటిస్తే చాలు.

మాటల గురించి అడిగారు. తిండి వేళప్పుడు మీరు ఒకసారి వచ్చి కూర్చోండి, టీచరు ఒప్పుకుంటారు. మరమరాల గిన్నె ఎదురుగా ఒక టీచరు పట్టుకుంటుంది, ఏమీ మాట్లాడదు. పిల్లాడి వెనక ఇంకొకరు కూర్చుంటారు. పిల్లాడు గిన్నె కోసం చేయి చాచగానే, వెనకున్నామె ఆ చేతిని మెల్లగా కార్డు వైపు తిప్పి, తీయించి, ఎదుటామె చేతిలో పెట్టిస్తుంది. ఎదుటామె వెంటనే “మరమరాలు!” అని గుప్పెడు ఇచ్చేస్తుంది. 1985లో అమెరికాలో మొదలైన పద్ధతి ఇది, పెక్స్ అంటారు. “ఏం కావాలి? చెప్పు, చెప్పు” అని అడగకపోవడం ఇందులో ముఖ్యం, ఎందుకంటే అడిగితేనే చెప్పడం అలవాటైపోతుంది. తనకి కావాల్సినది తనే మొదలుపెట్టి ఇంకో మనిషి దగ్గరికి వెళ్లి అడగాలి. మాట అనేది అక్కడే పుడుతుంది. ‘కార్డులు అలవాటైతే ఇక నోరు విప్పడు’ అని చాలామంది తల్లులు భయపడతారు. అది నిజం కాదు. కార్డులు మాటకి అడ్డం రావు, కొందరికి దారి కూడా వేస్తాయి. మీ బాబుకి మాట వస్తుందని నేను హామీ ఇవ్వలేను. కానీ దాహమేసినా కడుపు నొప్పొచ్చినా మీకు తెలియజేయగలగడం ఈ ఏడాదే మొదలవ్వాలి. దానికోసం నేను గట్టిగా పట్టుబడతాను.

నెల మధ్యలో ఒకసారి బయటికి తీసుకెళ్తాం. కూరగాయల బజారు, బ్యాంకు, అప్పుడప్పుడు గోపాల్‌పూర్ సముద్రం. అది షికారు అనుకోకండి. బడిలో బల్ల దగ్గర వచ్చిన పని బజారులో రాదు. ఆ గోడ, ఆ బల్ల, ఆ టీచరు అన్నీ కలిపే వాడు నేర్చుకుని ఉంటాడు. వాటిని ఒక్కొక్కటీ విడదీసి వేరే చోట, వేరే మనిషితో చేయిస్తేనే పని నిజంగా వచ్చినట్టు. ఇసుక పాదానికి తగలగానే వెనక్కి లాగేసుకునే పిల్లలుంటారు, వాళ్లకి చెప్పులతోనే నడిపించి మొదలుపెడతాం.

పండగ సెలవుల తర్వాత మాత్రం గుండె దిటవు చేసుకోండి. రజో అయినా దసరా అయినా, సెలవులయ్యాక మొదటి వారం చాలామంది వెనక్కి వెళ్తారు. వచ్చిన పని పోయినట్టే ఉంటుంది. వరస మళ్లీ కుదిరితే తిరిగి వస్తుంది. ఆ ఒక్క వారం కాగితం చూసి ఏ నిర్ణయమూ తీసుకోకండి.

మీరు చూసుకోవాల్సింది అడిగారు కదా. నెలాఖరు మీటింగులో ‘ఎలా ఉన్నాడు?’ అని అడిగితే ‘బాగున్నాడమ్మా’ అనే జవాబే వస్తుంది. ఈ నెల ఏ పని తీసుకున్నారు, ఎంత సాయంతో చేస్తున్నాడు, ఎవరెవరి దగ్గర చేస్తున్నాడు, ఇంట్లో నేను అదే పని ఎలా చేయించాలి అని అడగండి. చెప్పలేకపోతే బడినే నిలదీయండి, అది మీ హక్కు. ఆదివారం వచ్చే నాన్నకి కూడా ఒక్క పని అప్పగించండి. చేతులు కడిగించడం ఆయన వంతు. అమ్మ దగ్గర, టీచరు దగ్గర, నాన్న దగ్గర మూడు చోట్లా వస్తే ఆ పని అంత తేలిగ్గా మరచిపోడు.

ప్రశ్న: మాది రాయగడ. మనవరాలికి తొమ్మిదేళ్లు, ఆటిజం. ఒక పెద్ద ఊళ్లో స్టెమ్ సెల్ ఇంజెక్షన్లు ఇస్తే నయమవుతుందని చెప్పారు, లక్షల్లో ఖర్చు. మా వాడు పొలం అమ్ముదామంటున్నాడు. మరో సంగతి, పాపకి వైకల్యం సర్టిఫికెట్ ఏమీ లేదు. తీసుకుంటే పెళ్లి సంబంధాల వేళ మచ్చ అవుతుందని కోడలు భయపడుతోంది.
— ఒక తాతగారు

జవాబు: బాబుగారూ, పొలం అమ్మనివ్వకండి. ఆటిజానికి స్టెమ్ సెల్ చికిత్స పనిచేస్తుందని రుజువు లేదు. మన దేశంలో 2017 నాటి జాతీయ మార్గదర్శకాల ప్రకారం, రక్త సంబంధ వ్యాధులు లాంటి కొన్నింటికి చేసే మూలకణ (స్టెమ్ సెల్) మార్పిడి తప్ప మిగతావేవీ ఆమోదం పొందిన వైద్యం కాదు, పరిశోధన కిందే జరగాలి. పరిశోధన అయితే రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. ఆటిజం మెదడు ఎదిగే తీరులోనే ఉన్న తేడా, ఇంజెక్షన్‌తో తీసేసే జబ్బు కాదు. నయం చేస్తామని ఎవరు చెప్పినా ఆ మాట దగ్గరే లేచి వచ్చేయండి. ఆ పొలం మీద వచ్చే ఆదాయమే రేపు పాపకి ఆధారం.

సర్టిఫికెట్ మాత్రం తప్పకుండా తీసుకోండి. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం పేరే లేదు. అందుకే అప్పట్లో చాలామంది పిల్లలకి ‘బుద్ధిమాంద్యం’ అని రాసిచ్చేవారు. 2016లో వచ్చిన చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, అందులో ఆటిజం ఉంది. ప్రభుత్వ ఆస్పత్రిలో ఐఎస్ఏఏ అనే 40 అంశాల పరీక్షతో చూస్తారు. పాప ఎలా ఆడుతుంది, కళ్లలోకి చూస్తుందా, చప్పుళ్లకి ఎలా ఉంటుంది అని ఇంట్లోవాళ్లని అడుగుతారు. కాబట్టి పాపని రోజంతా చూసుకునే మనిషే వెంట వెళ్లాలి. ఆ పరీక్షలో స్కోరు 70 కంటే తక్కువ వస్తే ఆటిజం లేదని, ఆపైన తీవ్రతని బట్టి శాతం అని లెక్క. వైకల్యం 40 శాతం లేదా అంతకంటే ఎక్కువ ఉంటే 6 నుంచి 18 ఏళ్ల దాకా దగ్గర్లోని బడిలో గానీ, మీరు కోరుకున్న ప్రత్యేక బడిలో గానీ ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. నేషనల్ ట్రస్ట్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ వారి నిరామయ ఆరోగ్య బీమాలో ఏడాదికి లక్ష రూపాయల దాకా వైద్యం ఖర్చు ఇస్తారు, థెరపీ కూడా అందులో ఉంది. ఒడిశాలో మధుబాబు పింఛను పథకం ఉంది. వీటిలో దేనికైనా ఆ కాగితమే మొదటి మెట్టు.

కోడలి భయం నాకు అర్థమవుతుంది. ఆ అమ్మాయిని నొప్పించకుండా చెప్పండి. కాగితం తీసుకోకపోయినంత మాత్రాన పాప ఎలా ఉందో అదేమీ మారదు, హక్కులు మాత్రం పోతాయి.

ప్రశ్న: మాది బరంపురంలోనే, పాత ఊళ్లో నేత కుటుంబం. ఠాకురాణి అమ్మవారి యాత్ర వచ్చిందంటే నెల పొడుగునా మా వీధిలో డప్పులు, వేషాలు. పదకొండేళ్ల మా అబ్బాయి చెవులు మూసుకుని చేతులు కొరుక్కుంటాడు. యాత్రకి ఊరు విడిచి పోదామంటే, అమ్మవారు పుట్టింటికి వచ్చినప్పుడు మేమెక్కడికి పోతాం?
— ఒక తండ్రి

జవాబు: పోనక్కర్లేదు అన్నా. యాత్ర రెండేళ్లకోసారి, ముందే తెలిసే పండగ. ఆ ముందు చూపే మనకి బలం.

యాత్రకి నెల ముందు నుంచి ఫొటోలతో చిన్న పుస్తకం చేసి రోజూ చూపించండి. దేశిబెహరా వీధి, అమ్మవారి పందిరి, పులివేషం వేసిన మనిషి, ఆ మనిషే వేషం తీసేశాక ఎలా ఉంటాడో కూడా. వేషం కింద మనిషి ఉన్నాడని తెలియక భయపడే పిల్లలు ఎక్కువ. వీలైతే మీ వీధిలో వేషం కట్టే కుర్రాడిని ఇంటికి పిలిచి, మీ అబ్బాయి ముందే రంగు పూసుకోమనండి. డప్పు చప్పుడు ఫోన్‌లో బాగా తక్కువ సౌండుతో, వాడికి ఇష్టమైన ఆట ఆడుతుండగా వినిపించండి. చెవులు మూసుకుంటే వెంటనే ఆపండి. వాడు భరించిన దాని కంటే ఒక్క పిసరు కూడా ఎక్కువ పెంచకండి.

చెవులకి పెట్టుకునే చప్పుడు తగ్గించే హెడ్‌ఫోన్లు దొరుకుతాయి. కొని ఇప్పటి నుంచే అలవాటు చేయండి, యాత్ర రోజే పెడితే లాగి పారేస్తాడు. దర్శనానికి రద్దీ తక్కువ ఉన్న వేళ చూసుకోండి. ఇంట్లో వీధికి దూరంగా ఉన్న గదిని ఆ నెలంతా వాడికే వదిలేయండి. చుట్టాలు వచ్చినా సరే, ఆ గదిలో ఎవరూ పడుకోకూడదు. ‘ఆగు’ అని అడిగే కార్డు ఒకటి వాడి మెడలో ఉండాలి, అది చూపిస్తే మీరు మారు మాట్లాడకుండా ఇంటికి తీసుకొచ్చేయాలి. అడిగితే తీసుకెళ్తారని నమ్మకం కుదిరితే చేయి కొరుక్కునే అవసరం తగ్గుతుంది.

కొరుక్కున్నప్పుడు కొట్టకండి, చుట్టూ చేరి కేకలేయకండి. అంతకు ముందు ఏం జరిగింది, ఏం చేశాడు, తర్వాత మీరేం చేశారు అని మూడు వరసల్లో నోట్‌బుక్‌లో రాసుకుని వారానికోసారి టీచరుకివ్వండి. డప్పుకా, జనానికా, నిద్ర చాలకా అనేది ఆ వరసల్లోనే దొరుకుతుంది. చేతి మీద పుండు పడితే మాత్రం నోట్‌బుక్ నిండేదాకా ఆగకుండా డాక్టరుకి చూపించండి.