పెళ్ళి ఇక్కడ, ఖాతాలు అక్కడ

అమెరికాలో కౌంటీ క్లర్కు దగ్గర పెళ్ళి చేసుకున్నవాళ్ళు ముందు అడిగేది, ఇండియా వెళ్ళి మళ్ళీ రిజిస్టర్ చేయించుకోవాలా అని. మామూలుగా అవసరం పడదు. సర్టిఫైడ్ కాపీలు రెండు మూడు తీసుకుని, ఒకదాని మీద మీ రాష్ట్ర సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసులో అపోస్టిల్, అంటే ఆ కాగితం అసలైనదేనని వేరే దేశం ఒప్పుకునే ముద్ర, వేయించి దాచుకోండి. అపోస్టిల్ ఒప్పందంలో ఇండియా 2005 నుంచీ ఉంది.

ఇంటిపేరు మార్చుకోవడానికి మాత్రం తొందరపడకమ్మా. చట్టం అడగదు. పాస్‌పోర్టులో ఒక పేరు, పాన్‌లో, ఆధార్‌లో, నాన్నగారు నీ పేర రాసిన స్థలం దస్తావేజులో ఇంకో పేరు ఉంటే, తర్వాత ప్రతి కౌంటర్ దగ్గరా సంజాయిషీ చెప్పుకోవాలి. అత్తవారికి ముచ్చటైతే గృహప్రవేశం కార్డు మీద వేయించండి, చాలు.

అసలు చిక్కు పన్నుల్లో ఉంది. డిసెంబర్ 31న పెళ్ళయినా, ఇక్కడి లెక్కలో ఆ ఏడాదంతా పెళ్ళయినట్టే. జాయింట్ రిటర్న్ (ఇద్దరి ఆదాయం కలిపి చూపే పన్ను పత్రం) మీద సంతకం పెట్టేముందు ఇద్దరూ కూర్చుని ఇండియాలో ఎవరి పేర ఏముందో రాసుకోండి. అమ్మాయి పేర నాన్న వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్, అమ్మతో కలిపి ఉన్న సేవింగ్స్ ఖాతా ఎవరికీ గుర్తుండవు. గుర్తొచ్చినా, "అది నాన్న డబ్బు, నాది కాదు" అంటారు. ఖాతా మీద పేరుంటే ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల వివరాలు అమెరికా ప్రభుత్వానికి చెప్పే ఫారం) లెక్కలోకి వస్తుంది. ఏడాదిలో ఏ ఒక్కరోజైనా మీ పేరున్న ఖాతాలన్నీ కలిపి 10,000 డాలర్లు దాటితే ఫైల్ చేయాలి. రిటర్న్ ఉమ్మడిగా వేసినా, ఖాతాలన్నీ ఇద్దరి పేరా ఉంటే తప్ప ఎఫ్‌బార్ ఎవరిది వాళ్ళదే. ఎన్‌ఆర్‌ఈ ఖాతా (ఎన్నారైలు బయట సంపాదించిన డబ్బు ఇండియాలో దాచుకునేది) వడ్డీకి ఇండియాలో పన్ను లేదు, ఇక్కడ ఉంది. అక్కడి మ్యూచువల్ ఫండ్లుంటే వాటికి 8621 ఫారం వేరే. అది సొంతంగా నింపే సాహసం చేయకండి.

పెళ్ళికి అత్తమామలు, అమ్మానాన్నలు పంపే డబ్బుకు రెండు దేశాల్లోనూ మీమీద పన్ను పడదు. అయితే విదేశీయుల నుంచి (ఇక్కడి లెక్కలో ఇండియాలో ఉన్న అమ్మానాన్నలూ విదేశీయులే) వచ్చిన కానుకలు ఏడాదిలో లక్ష డాలర్లు దాటితే, ఆ సంగతి చెప్పే 3520 ఫారం వేయాలి. పన్ను లేదు కదా అని వదిలేస్తే జరిమానా మాత్రం గట్టిగా ఉంటుంది.

ఇక ఇండియా వైపు. పాత సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌ఓగా, అంటే ఎన్నారైలు ఇండియాలో వచ్చే ఆదాయం వేసుకునే ఖాతాగా, మార్పించండి. బ్యాంకు దాని వడ్డీలో 30 శాతం, పైన సెస్సు టీడీఎస్‌గా (ముందే పట్టుకునే పన్ను) కోస్తుంది. రెండు దేశాల ఒప్పందం ప్రకారం అయితే 15 శాతమే. దానికి ఐఆర్‌ఎస్ (అమెరికా పన్నుల శాఖ) ఇచ్చే 6166 రెసిడెన్సీ సర్టిఫికెట్ కావాలి. 15కి మించి కోసినదాన్ని ఇక్కడి పన్నులో తగ్గించమని క్రెడిట్‌గా అడగడానికి వీల్లేదు, అక్కడే రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవాలి. ఆదాయపు పన్ను పోర్టల్‌లో మీ హోదా ఎన్నారైగా మార్చారో లేదో కూడా చూసుకోండి. లేకపోతే ఆధార్ లింకు లేదని పాన్ పనిచేయకుండా పోతుంది.

స్థలం సంగతులు నాన్నగారు చూసుకోవాలంటే, ఆ ఒక్క పనికే స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ (మీ తరఫున పనిచేసే అధికార పత్రం) రాయండి, అన్నిటికీ అధికారమిచ్చే జనరల్ వద్దు. కాగితం ఇండియా చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలని ఆయనకు ముందే చెప్పండి.