చిన్నీ, ఆ చొక్కాను నీళ్ళలో పెట్టకు

చిన్నీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. నీ పెళ్ళికి అబ్బాయి వేసుకునే విషివాంక, అదే ఉక్రెయిన్ వాళ్ళ కుట్టుపని చొక్కా, నువ్వే నీ చేత్తో కుడతానన్నావట. చెప్తుంటే అన్నయ్య గొంతు పొంగిపోతోంది. నాకూ అలాగే అనిపించింది. నరసాపురం వాళ్ళం, లేసు అల్లే చేతుల మధ్య పెరిగినవాళ్ళం, మన ఇంటి పిల్లకు దారం పట్టాలనిపించడం వింతేమీ కాదు. కానీ ఫోన్ పెట్టేసే ముందు అన్నయ్య ఇంకో మాట అన్నాడు. అబ్బాయి వాళ్ళ నానమ్మ, నమూనా కోసమని, తాతగారి పెళ్ళి చొక్కాను ఉక్రెయిన్‌లోని రెషెతిలివ్‌కా నుంచి వార్సాకి పంపిందట. నువ్వు దాన్ని ముందు నానబెట్టి, శుభ్రంగా ఉతికి, ఇస్త్రీ చేసి, అప్పుడు డిజైన్ దించుకుంటావట.

ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు నిద్ర లేదు. ఫోన్‌లో చెప్తే "సరే అత్తా, సరే" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. ముందు లేచి ఆ చొక్కాను మెత్తటి తెల్ల నూలు గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టు. వచ్చి మిగతాది చదువు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన డిజైన్ చూశాను. ఎర్ర గులాబీలు, నల్ల ఆకులు, క్రాస్ స్టిచ్. బాగుంది. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో బ్రోకార్ అనే సెంట్ల కంపెనీ సబ్బు కాగితాల మీద ఇలాంటి గులాబీల నమూనాలు అచ్చువేసి ఊరూరా పంచింది. సబ్బుతో పాటు డిజైనూ ఇంట్లోకొచ్చింది. చాలా చోట్ల పాత కుట్లు పక్కకుపోయి ఈ క్రాస్ స్టిచ్ వచ్చి కూర్చుంది. తప్పని అనడం లేదు, వందేళ్ళకు పైగా జనం ఇష్టంగా వేసుకున్నవే. కానీ ఆ పిల్లాడిది పొల్తావా వైపు. రెషెతిలివ్‌కా అంటేనే తెలుపు మీద తెలుపు. ఆ ఊరి తెల్లకుట్టు ఉక్రెయిన్ సాంస్కృతిక వారసత్వ జాబితాలో ఉంది. ఆ ఇంటి పిల్లాడికి ఎర్ర గులాబీలు కుట్టిస్తే నానమ్మ పైకి ఏమీ అనదు. కానీ తాతగారి చొక్కాను ఎందుకు పంపిందంటావు?

ఇక్కడ ఉక్రెయిన్‌లో చొక్కా చూసి మనిషిది ఏ వైపో చెప్పేవారు. కార్పాతియన్ కొండల్లో హుత్సుల్ వాళ్ళవి ఎరుపు, పసుపు, నారింజ రంగుల గళ్ళూ ముగ్గులూ. అందులోనూ కోస్మాచ్ ఊరిదైతే నారింజ నిప్పులా వెలుగుతుంది. బుకోవినాలో పూసలు, చమ్కీలు, జరీ దారం. ఉత్తరాన పొలిస్సియాలో తెల్లటి నార మీద ఎరుపు, నేతలో వచ్చిందా కుట్టారా అన్నట్టు ఉంటుంది. పొదిల్యాలో నిజ్ అనే కుట్టు ఉంది, దాన్ని గుడ్డ వెనకవైపు నుంచి కుడతారు. మా తెర్నోపిల్ వైపు బోర్ష్‌చివ్‌లో నలుపు. దాని గురించి కింద రాస్తాను, ఎందుకో నీకే తెలుస్తుంది.

తెలుపు మీద తెలుపు అంటే ఏం కనిపిస్తుందని నువ్వు అడుగుతావు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. చొక్కాను కిటికీ దగ్గర పట్టుకొని కొంచెం వాల్చి చూడు. అడ్డంగా పడిన కుట్టు ఒకలా మెరుస్తుంది, నిలువుగా పడింది ఇంకోలా. కోణం మారగానే ఇందాక లేని ఆకు కనిపిస్తుంది. ఈ నిండు కుట్టును లిష్త్వా అంటారు. తెలుపుతో పాటు అక్కడక్కడ లేత బూడిద, లేత గోధుమ రంగు దారం కూడా వాడతారు. మా అమ్మ, అంటే మీ నానమ్మ, తెల్ల దారంతో లేసు అల్లేటప్పుడు పువ్వును కళ్ళతో కాదు, వేలితో తడిమి చూసేది. ఈ పనీ అలాంటిదే. నీకు వస్తుంది.

పని సంగతి. నార గుడ్డ కొంచెం ఎక్కువే కొని, కత్తిరించక ముందే ఉతుకు. కొత్త గుడ్డ ఉతికితే కుంచించుకుపోతుంది, అందుకే దాన్ని ముందే ఎంతైనా ఉతుక్కో. మొన మొద్దుగా ఉన్న సూది తీసుకో. పాత పద్ధతిలో చొక్కాకు వంపులుండవు. అన్నీ దీర్ఘచతురస్రాలు, చంక కింద చిన్న చదరపు ముక్క. గుడ్డ వృథా కాదు. కత్తిరింపు పని, అదే విరిజువాన్యా, చేస్తే గడి అంచులు నాలుగువైపులా బిగించి కుట్టాకే లోపలి దారాలు కత్తిరించాలి. లెక్కలో రెండు దారాలు తప్పితే విప్పు. సర్దుకుపోదాంలే అనుకుంటే మెడ దగ్గర తప్పింది మణికట్టు దగ్గర బయటపడుతుంది. రాత్రిళ్ళు కుట్టకు. నీకు అసలే కళ్ళద్దాలు.

ఇప్పుడు నేను చేసిన పని చెప్తాను. మీ నాన్నకు కూడా పూర్తిగా తెలియదు.

1996 వసంతం. పెళ్ళయి రెండేళ్ళు. కీవ్‌లో డాక్టరీ చదువు ముగించి, మీ మామయ్యతో ఈ వైపు వచ్చేశాను. ఈస్టర్‌కి బోర్ష్‌చివ్ దగ్గర పల్లెలో ఉన్న ఆయన నానమ్మ ఇంటికి వెళ్ళాం. ఇక్కడ నానమ్మను బాబుస్య అంటారు. ఒక సాయంత్రం ఆవిడ చెక్కపెట్టె తెరిచి తన అమ్మ కుట్టిన చొక్కా చూపించింది. చేతుల మీద నల్ల ఉన్ని కుట్టు ఎంత దట్టంగా ఉందంటే కింద గుడ్డ కనిపించలేదు. ఎత్తితే బరువు. ఒకప్పుడు శత్రువుల దాడిలో ఊళ్ళోని మగవాళ్ళంతా పోతే, తరతరాలు నల్లదారంతోనే కుడతామని ఆడవాళ్ళు ఒట్టు పెట్టుకున్నారని అక్కడ కథ చెప్తారు. బాబుస్య ఆ కథ చెప్పి, చొక్కా మడిచి, మళ్ళీ పెట్టెలో పెట్టేసింది.

మెడ దగ్గర పసుపు మరక నా కంట పడింది. కొత్త కోడలిని, పరాయి దేశం పిల్లని. ఆవిడ మెప్పు కావాలి నాకు. మర్నాడు ఆవిడ గుడికి వెళ్ళగానే చొక్కా తీశాను. బకెట్లో వేడి నీళ్ళు, సర్ఫు పొడి, మెడ దగ్గర గట్టిగా రుద్దుడు. మన ఇంట్లో తెల్ల పంచెలు ఉతికినట్టే ఉతికాను చిన్నీ. నీళ్ళు నల్లబడుతుంటే మురికి పోతోందని సంతోషించాను కూడా.

తీగ మీద ఆరేశాక చూశాను. నలుపు తెల్ల గుడ్డలోకి దిగి బూడిద చారలు కట్టింది. ఉన్ని వేడికి బిగుసుకుపోయి చేతులు రెండూ ముడతలు పడి అట్టలా అయిపోయాయి. ఎంత లాగినా సాగలేదు.

బాబుస్య గుడి నుంచి వచ్చింది. తీగ దగ్గరే నిలబడి ఉన్నాను. చొక్కాను చూసింది, నన్ను చూసింది. నా చేతులు రెండూ పట్టుకొని తిప్పి చూసి, "అంత వేడి నీళ్ళలో పెట్టావు, కాలాయా తల్లీ?" అంది. అంతే. ఇంకో మాట అనలేదు. ఆవిడ తిట్టి ఉంటే ఇన్నేళ్ళు గుర్తుండేది కాదేమో.

ఆ చొక్కా ఆవిడ తన ఆఖరి ప్రయాణానికి దాచుకున్నదని తర్వాత మా అత్తగారు చెప్పింది. ఇక్కడి పల్లెల్లో పెద్దవాళ్ళు పోయినప్పుడు తమకు వేయాల్సిన బట్టలు తామే ముందుగా సిద్ధం చేసి పెట్టుకుంటారు. అది విని రెండు రోజులు అన్నం ముట్టలేదు. తర్వాత బాబుస్య దగ్గరికే వెళ్ళి, నాకు కుట్టు నేర్పించు, అలాంటిదే కుడతానన్నాను. పాడవని భుజం ముక్క మీద దారాలు లెక్కపెట్టించి నేర్పింది. రెండు చలికాలాలు పట్టింది ఒక చెయ్యికి. రెండో చెయ్యి సగంలో ఉండగా ఆవిడ పోయింది. మామూలు తెల్ల చొక్కా వేసి పంపించాం. ఆ సగం చెయ్యి ఇప్పటికీ నా పెట్టెలో ఉంది.

నీ దగ్గరున్నది ఉన్ని కాదు, తెల్లదారమే కదా అంటావు. అయినా వద్దు. పాత నార, అందులో కత్తిరింపు పని. అంచు కుట్టు ఒక్క చోట వదిలితే గడి మొత్తం విడిపోతుంది. మరక ఉంటే ఉండనీ. అది ఆ తాతగారి మెడది.

తీసినప్పుడల్లా చేతులు కడుక్కో. ఉంగరాలు తీసెయ్. తెల్ల గుడ్డ పరిచి దాని మీద పెట్టు, పక్కన స్కేలు పెట్టి పగటి వెలుతురులో ఫోటోలు తియ్, వెనకవైపు కూడా. వెనకవైపు చూస్తేనే దారం ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. సూదులు గుచ్చి లెక్కపెట్టకు, సన్నటి పుల్లతో చూపిస్తూ లెక్కపెట్టు. అన్నిటికంటే ముందు ఆ నానమ్మకు వీడియో కాల్ చెయ్. నీకొచ్చిన పది ఉక్రెయిన్ ముక్కలు చాలు. నా భయమేంటో నీకు తెలుసు కదా, రోజూ యుద్ధపు సైరన్ల మధ్య ఉంటున్న మనిషి ఆవిడ. ఆవిడ చూస్తుండగానే మెడపట్టీ అయినా కుట్టు. చొక్కా మొత్తం పెళ్ళిలోపు అవ్వకపోతే టెన్షన్ పడకు. మెడా మణికట్లూ కుట్టి ఇచ్చెయ్, ఛాతీ పని పెళ్ళయ్యాక చేసుకోవచ్చు. మే మూడో గురువారం విషివాంక దినం. 2006లో చెర్నివ్‌ట్సీ విద్యార్థులు మొదలుపెట్టారు, ఇప్పుడు దేశమంతా వేసుకుంటుంది. ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు ఆ రోజుకు వేసుకుంటాడు.

నీ మీద కోప్పడ్డానేమో. నీ చేతులు మీ నానమ్మ చేతుల్లా ఉంటాయి, చిన్నప్పుడే అనేదాన్ని, పొడుగు వేళ్ళు.

ఆదివారం పగలు మా ఇంట్లో కరెంటు ఉంటే వీడియో చేస్తాను. చొక్కా ఎడమ భుజం కిటికీ వైపు పెట్టి సిద్ధంగా ఉండు. నేనూ నా సగం చెయ్యి తీసి ముందు పెట్టుకుంటాను. మొదటి వరుస ఇద్దరం కలిసి లెక్కపెడదాం.

మీ అత్త
తెర్నోపిల్