ఎక్కించేది గేరు, దించేది బ్రేకు

విశాఖలో సైకిల్ రిపేరు షాపు నడుపుతూ, ఆదివారం షట్టరు దించగానే కొండలవైపు పోయే మనిషిని నేను. ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో కొండల్లో కంకర దారుల గురించినవే ఎక్కువ. అందుకే అవి మాత్రమే తీసుకున్నాను. గొలుసు తుప్పు గురించి అడిగినవాళ్లు వచ్చే నెల దాకా ఆగండి.

ప్రశ్న: వయసు 44. రోడ్డు సైకిల్‌కి 32 ఎంఎం టైర్లు వేయించాను. గేర్లకి ముందు 50, 34 పళ్లు, వెనక 11 నుంచి 34. ఎస్.కోటలో మొదలుపెట్టి ఘాట్ ఎక్కి అరకు, అక్కడి నుంచి లోపలి మట్టిరోడ్ల మీదుగా పాడేరు, అంతా ఒకే రోజులో అవుతుందా? వారానికి రెండుసార్లు 40 కిలోమీటర్లు తొక్కుతాను.
– ఒక పాఠకుడు, విజయనగరం

అరకు దాకా నిక్షేపంగా వెళ్తారు. పాడేరు మాత్రం మర్నాటికి పెట్టుకోండి.

అరకు 900 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది. కానీ రోడ్డు అంతటితో ఆగదు. అనంతగిరి దాటి గాలికొండ దగ్గర అరకు కంటే పైకి వెళ్లి, ఆ తర్వాత సుంకరమెట్ట వైపు దిగుతుంది. ఆ పక్కనే వెళ్లే రైలు మార్గంలో శిమిలిగుడ స్టేషన్ ఎత్తే దాదాపు 996 మీటర్లు. అంటే మీరు ఎక్కేది అరకు ఎత్తు ఒక్కటే కాదు.

అయినా ఘాట్ గురించి నాకు భయం లేదు. అది లారీలు, బస్సులు ఎక్కడానికి వేసిన రోడ్డు. అందుకే మలుపులు తిప్పి తిప్పి వాలు తగ్గించారు. ఓపికగా తొక్కేవాడు ఎక్కేస్తాడు. చిక్కంతా అరకు తర్వాతే. లోయ కదా, ఇక చదునే అనుకుంటారు చాలామంది. ఊరికీ ఊరికీ మధ్య ఉన్న మట్టిరోడ్లు చాలావరకు పాత కాలిబాటల వెంటే పడ్డాయి. మనిషి నడిచే దారి మలుపులు వెతుక్కోదు, గట్టు మీదికి నేరుగా పోతుంది. ఘాట్‌లో లేనంత ఏటవాలు అక్కడ ఒక చిన్న గట్టులోనే తగులుతుంది. పైగా కింద గులకరాళ్లు.

ఇప్పుడు మీ గేర్ల లెక్క చూద్దాం. ముందు 34, వెనక 34 అంటే పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం కూడా ఒక్క చుట్టే. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకు 8 కిలోమీటర్ల లోపు వేగం. పది శాతం వాలు మీద, వదులు కంకరలో, మనలాంటి వాళ్లకి ఆ వేగం కూడా ఎక్కువే. అయిదుకో ఆరుకో పడిపోతారు. అప్పుడు పెడల్ మీద లేచి నిలబడతారు. నిలబడగానే వెనక చక్రం మీద బరువు తగ్గి, అది గిర్రున తిరుగుతుంది కానీ బండి కదలదు. కంకర మీద కూర్చునే ఎక్కాలి. సీటు అంచుకు కాస్త ముందుకు జరిగి, మోచేతులు వంచి తొక్కాలి. అలా కూర్చుని ఎక్కాలంటే చిన్న గేరు కావాలి. ముందు 46, 30 పళ్లది గానీ, వెనక 40 పళ్ల దాకా ఉన్న క్యాసెట్ (వెనక చక్రానికుండే పళ్ల బిళ్లల గుత్తి) గానీ మీ సైకిల్‌కి పడుతుందేమో మెకానిక్‌ని అడగండి. క్యాసెట్ మారిస్తే, గొలుసును ఒక గేరు నుంచి ఇంకో గేరుకి జరిపే వెనక డెరైలర్ కూడా మార్చాల్సి రావచ్చు. ఆ ఖర్చు దండగ కాదు. ఫ్రేములో 100 గ్రాములు తగ్గించుకోడానికి వేలు పోసేవాళ్లు, మోకాళ్లను కాపాడే నాలుగు పళ్లకి బేరమాడతారు. నాకు అర్థం కాని సంగతి అది.

వాన పడిన వారంలో మాత్రం మట్టిరోడ్ల ఊసే ఎత్తకండి. ఆ ఎర్రమట్టి టైరుకీ ఫ్రేముకీ మధ్య పేరుకుంటే చక్రం తిరగదు. రోడ్డు సైకిల్లో 32 టైరు పెట్టాక మిగిలే సందు ఎంతో మీకే తెలుసు. డిసెంబరు, జనవరి మంచి కాలం. అయితే మంచు వల్ల పొద్దున చాలాసేపటి దాకా ఎదుటి బండి కనపడదు. ముందూ వెనకా లైట్లు వెలగాల్సిందే. వలిసె పూలు విరగబూసే రోజుల్లో శని, ఆదివారాలు పెట్టుకోకండి. సెల్ఫీ కోసం మలుపులోనే కారు ఆపేవాళ్లు లారీ కంటే ప్రమాదం.

మ్యాప్‌లో గీత కనిపించిందని దిగిపోకండి. టీ కొట్టు దగ్గర అడగండి. "ఎంత దూరం?" అని కాదు, "ఆటో వెళ్తుందా?" అని. ఆటో వెళ్తుందంటే మీరూ వెళ్తారు. జీపే వెళ్తుందంటే కొంత దూరం తోసుకోవాలి. "బైకు మీద పోతారు లెండి" అన్నారంటే, అక్కడి కుర్రాళ్లు పోతారని అర్థం.

మొదటిరోజు అరకులో పడుకోండి. మర్నాడు డుంబ్రిగుడ, హుకుంపేట మీదుగా పాడేరు తారురోడ్డు పట్టుకుని, ఓపిక ఉన్నంత మేర పక్క ఊళ్ల మట్టిదారుల్లోకి వెళ్లి వస్తూ సాగండి. కాళ్లు మొరాయిస్తే తారురోడ్డు పక్కనే ఉంటుంది. దారిలో ఎక్కడైనా చోళ్లు (రాగులు) ఆరబెట్టి ఉంటే దిగి నడవండి. అది వాళ్ల ఏడాది తిండి.

ప్రశ్న: 80 పీఎస్ఐ గాలి కొట్టమని షాపులో చెప్పారు. నా టైర్లు 40 ఎంఎం, బరువు 70 కిలోలు. వికారాబాద్ అనంతగిరి కొండల్లో తిరిగితే నడుం విరిగిపోతోంది.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

విరగక ఏం చేస్తుంది! 80 సన్న టైరు లెక్క. మీకు ట్యూబు ఉంటే 40 నుంచి 45, ట్యూబ్‌లెస్ అయితే 35 దగ్గర మొదలుపెట్టి, రెండేసి తగ్గిస్తూ మీరే చూసుకోండి. ట్యూబుతో మరీ తగ్గిస్తే, రాయి తగిలినప్పుడు ట్యూబు రిమ్ము కింద నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. అలా జరిగిందంటే మూడు నాలుగు పెంచాలని గుర్తు.

ప్రశ్న: నర్సీపట్నం నుంచి లంబసింగి ఎక్కడం అలవాటైంది అన్నా. దిగేటప్పుడే టెన్షన్. మట్టి ముక్కలో వెనక చక్రం పక్కకి జారుతోంది, కిందికి వచ్చేసరికి వేళ్లు బిగుసుకుపోతున్నాయి. డిస్క్ బ్రేకులే.
– ఒక పాఠకురాలు, నర్సీపట్నం

ముందు బ్రేకు పడితే ఎగిరి పడతామన్న భయంతో వెనకదే పట్టుకుంటున్నావు కదమ్మా? వాలులో బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది. తేలిపోయిన వెనక చక్రాన్ని బిగిస్తే అది లాక్ అయి జారుతుంది. రెండూ కలిపి పట్టు, ముందుది మెత్తగా. నడుం వెనక్కి జరుపు, పెడళ్లు రెండూ సమంగా అడ్డంగా ఉంచు. వేగం మలుపుకి ముందే, దారి తిన్నగా ఉన్నప్పుడే తగ్గించుకో. గులకరాళ్ల మీద వంగి తిరుగుతూ బ్రేకు పట్టకూడదు.

కొండ పొడుగునా లీవరు పట్టుకునే ఉంటే డిస్కు వేడెక్కుతుంది, వేళ్లూ పోతాయి. గట్టిగా పట్టి వేగం చంపు, వదులు, మళ్లీ పట్టు. వేళ్లు బిగుసుకోడానికి ఇంకో కారణం ఉండొచ్చు. చాలా సైకిళ్లకి లీవర్లు పెద్ద చేతుల కొలతలో ఉంటాయి. లీవరు దగ్గర చిన్న స్క్రూ తిప్పితే అది హ్యాండిల్‌కి దగ్గరగా వస్తుంది. నీ చేతికి సరిపెట్టమని అడుగు, అయిదు నిమిషాల పని. ప్యాడ్లు అరిగాయేమో కూడా చూడమను. చలికాలంలో లంబసింగి దిగితే గ్లౌజులు తప్పనిసరి. మొద్దుబారిన వేళ్లకి బ్రేకు ఎంత పట్టామో తెలియదు.

ప్రశ్న: డాలస్‌లో ఉంటున్నాం. స్నేహితులు కాన్సాస్ ఫ్లింట్ హిల్స్ గ్రావెల్ రైడ్ అంటున్నారు. కాన్సాస్ అంటే చదునే కదా, దానికింత హడావుడి ఎందుకు?
– ఒక పాఠకుడు, టెక్సాస్

చదును అన్న మాట ఫ్లింట్ హిల్స్‌లోని ఎంపోరియా ఊరి చుట్టుపక్కల తొక్కినవాళ్ల దగ్గర అనకండి. 2006లో డర్టీ కాంజాగా మొదలై ఇప్పుడు అన్‌బౌండ్ అనే పేరుతో జరుగుతున్న పోటీ అక్కడిదే. అందులో బాగా పేరున్నది 200 మైళ్లు, అంటే సుమారు 320 కిలోమీటర్లు. పెద్ద కొండ ఒక్కటీ ఉండదు. గడ్డి దిబ్బ ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం, సాయంత్రం దాకా ఇదే వరస. అన్నీ కూడితే ఎక్కిన ఎత్తు సుమారు 3,000 మీటర్లు. మన ఘాట్‌లో ఎక్కడం అయ్యాక పొడుగాటి దిగుడు ఉంటుంది, కాళ్లకి కాస్త విశ్రాంతి. అక్కడ అది దొరకదు. నీడ కూడా దొరకదు.

ఫ్లింట్ అంటే చెకుముకి రాయి. పగిలిన అంచు కత్తిలా టైరు పక్కగోడను కోస్తుంది. తేలిక టైర్లు వద్దు, పక్కగోడ గట్టిగా ఉన్న 40 పైబడిన ట్యూబ్‌లెస్ వేసుకోండి, అయినా ఒక ట్యూబు జేబులో ఉండాలి. ఇక వాన పడితే, 2023 పోటీలో పడ్డట్టు, సైకిల్ భుజాన వేసుకుని మోయడమే. ఆ బురదలో మొండిగా తొక్కినవాళ్ల డెరైలర్లు విరిగాయి. రంగు కలిపే చెక్కపుల్ల ఒకటి వెంట తీసుకెళ్తారు అక్కడివాళ్లు, మట్టి గీకడానికి. మన ఎర్రమట్టికీ బాగా పనికొస్తుంది, నేనూ బ్యాగులో పెట్టుకుంటున్నాను. మొదటిసారికి తక్కువ దూరాల రైడ్లే చూసుకోండి.

ప్రశ్న: మావారికి 58. బీపీ మాత్ర వేసుకుంటారు. సైకిల్ గ్రూపులో చేరి ఏజెన్సీలో కొండలు ఎక్కుతానంటున్నారు. ఒద్దంటే అలుగుతున్నారు. ఏం తినిపించి పంపాలి?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

తిండి సంగతి తర్వాత అక్కా, ముందు డాక్టర్ దగ్గరికి పంపండి. కొండ ఎక్కేటప్పుడు గుండె మీద ఎంత పని పడుతుందో చెప్పి, ఏ పరీక్షలు కావాలో ఆయన్నే అడగమనండి. డాక్టర్ సరే అంటే మీరూ సరే అనండి.

తిండికి వస్తే, ఇడ్లీ మంచిది. పూరీ వద్దు. బయల్దేరిన ముప్పావు గంటకల్లా తినడం మొదలుపెట్టాలి. ఆకలి వేశాక తింటే అప్పటికే ఆలస్యం. గంటకి రెండు అరటిపళ్లు, లేదా ఒక అరటిపండు, ఒక పల్లీపట్టీ చాలు. రెండు సీసాల్లో ఒకదాంట్లో ఓఆర్‌ఎస్ కలపండి. అక్కడ రాత్రి ఉండేటట్టయితే దోమతెర సర్దండి, ఏజెన్సీలో మలేరియా ఉంది. చాలాచోట్ల సిగ్నల్ ఉండదు కాబట్టి, ఏ ఊరు మీదుగా వెళ్తున్నారో, ఎన్నింటికి తారురోడ్డు మీదికి వస్తారో కాగితం మీద రాయించి తీసుకోండి. ఒంటరిగా వెళ్తానంటే మాత్రం ఆయన అలిగినా ఫర్వాలేదు.