మీ అవ్వ మాటను ఎందుకు అడుగున పెట్టావు?

తిరుపతి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

పలమనేరు నుంచి నువ్వు పంపిన వ్యాసం అందింది. ‘ది మమ్మీ రిటర్న్స్’ అనే హాలీవుడ్ సినిమా చూసినవాళ్లు ఏమనుకుంటున్నారో ఇంట్లోనూ, వీధిలోనూ, కాలేజీలోనూ అడిగి ఆ మాటలన్నీ ఒకచోట చేర్చావు. శ్రద్ధగా రాశావు, అక్షరదోషాలు దాదాపు లేవు. ఇక నన్ను ఈ ఉత్తరానికి కూర్చోబెట్టిన సంగతికి వస్తాను.

నీ వ్యాసంలో చివరి నుంచి రెండో పేరాలో మీ అవ్వ ఉంది. ఇంగ్లీషు ముక్క తెలియని ఆమె టీవీ ముందు చివరిదాకా కూర్చుని, సినిమా అయిపోవచ్చే వేళకు, ‘పాపం, వాడు దానికోసరం సచ్చి మళ్లీ లేచొచ్చినాడు, అది చూస్తే చెయ్యి గూడా ఇయ్యకుండా పరిగెత్తిపాయ’ అన్నదని రాశావు. వెంటనే ‘ఈ విధంగా పెద్దలను సైతం ఈ చిత్రం అలరించింది’ అని ఒక వాక్యం తగిలించి గ్రాఫిక్స్ సంగతిలోకి వెళ్లిపోయావు. ఆ వాక్యం దగ్గర నాకు కోపం వచ్చింది. మీ అవ్వ జాలిపడిందమ్మా. రాక్షసుడి మీద జాలిపడింది. సినిమా మొత్తం మీద నీకు దొరికిన అతి విలువైన మాట అదే, దాన్ని నువ్వు అందరి మాటల అడుగున పెట్టి మూత వేశావు.

ఆ ఘట్టాన్ని మరోసారి చూడు. పిరమిడ్ లోపల నేల చీలి, అగాధం అంచున ఇద్దరు మగవాళ్లు వేలాడుతుంటారు. ఒకడు కథానాయకుడు రిక్ ఓకానెల్, రెండోవాడు మమ్మీగా పడి ఉండి మళ్లీ లేచిన ఈజిప్టు పూజారి ఇమ్హోటెప్, మీ అవ్వ జాలిపడిన రాక్షసుడు. పైనుంచి బండలు రాలుతుంటే, రావద్దని రిక్ అరుస్తున్నా వినకుండా అతని భార్య ఎవ్లిన్ ఆ బండల మధ్య నుంచే పరుగెత్తుకొచ్చి అతణ్ణి పైకి లాగుతుంది. ఇమ్హోటెప్ కూడా తన ప్రియురాలిని పిలుస్తాడు. ఆమె కోసమే అతడు తన రాజు మీద కత్తి ఎత్తాడు, ఆమె కోసమే సజీవ సమాధి అయ్యాడు, మూడు వేల ఏళ్లు దాటాక ఆమె కోసమే మళ్లీ లేచాడు. ఆమె మాత్రం తన ప్రాణం చూసుకుని వెనుదిరిగి పరుగెత్తుతుంది. అతడు ఆ భార్యాభర్తల వైపు ఒకసారి చూసి, పట్టుకున్న రాతిని తానే వదిలేస్తాడు. అంతకు ముందే ఈజిప్టువాళ్ల నక్కతల దేవుడు అనూబిస్ అతడి శక్తులన్నీ లాగేసుకున్నాడు కనుక, ఆ అంచున వేలాడేనాటికి అతడు మామూలు మనిషి. సంభాషణ ఒక్కటీ అర్థం కాకపోయినా మీ అవ్వకు ఈ కథంతా అందింది. నువ్వు అడిగిన మిగతావాళ్లు ‘ఫస్టాఫ్ బాగుంది, సెకండాఫ్ సాగింది’, ‘టైమ్ పాస్’, ‘మొదటి పార్టంత లేదు’ అన్నారు. అవన్నీ సినిమా చూడకుండానే అనగలిగిన మాటలు.

నేను ఎన్నో ఏళ్లుగా ఒకే మాట చెబుతున్నాను, నీకూ అదే చెబుతాను. ప్రేక్షకుడి అభిప్రాయాన్ని రాసేవాడు తీర్పును రాసి ఊరుకోకూడదు, ఆ తీర్పు సినిమాలో ఏ చోట పుట్టిందో ఆ చోటును రాయాలి. బాగుంది, బాగాలేదు అన్నవి థియేటరు మెట్లు దిగేటప్పుడు నోటికి వచ్చే మాటలు. అవి పుట్టిన చోటు లోపల చీకట్లో ఉంటుంది. ఎక్కడ కుర్చీ అంచుకు జరిగాడు, ఎక్కడ ఫోను తీశాడు, ఎక్కడ పక్కనున్న బిడ్డ కళ్లు మూశాడు, ఎక్కడ నవ్వకూడని చోట నవ్వాడు, ఇవి తెలిస్తే తీర్పు నువ్వు రాయనక్కరలేదు, చదివేవాడికే తెలుస్తుంది. ఇవి తెలియకుండా వందమంది మాటలు పోగుచేసినా చివరికి ‘మిశ్రమ స్పందన’ అనే ఆ రెండు మాటలు తప్ప నీ చేతిలో ఏమీ ఉండదు. నువ్వు ఆ రెండు మాటలనే శీర్షికగా పెట్టావు. దయచేసి తీసెయ్యి.

గ్రాఫిక్స్ విషయం తీసుకో. ‘చివర్లో వచ్చే తేలు మనిషి గ్రాఫిక్స్ బాగాలేవని ప్రేక్షకులు పెదవి విరిచారు’ అని రాశావు. పెదవి విరిచిన మాట నిజమే. 2001లో సినిమా విడుదలైనప్పటి నుంచీ దాని మీద వచ్చిన అతిపెద్ద ఫిర్యాదు అదే. సినిమా మొదట్లో డ్వేన్ జాన్సన్ స్వయంగా నటించిన స్కార్పియన్ కింగ్, చివరికి వచ్చేసరికి కంప్యూటర్లో తయారైన ముఖంతో, నడుము కింద తేలు శరీరంతో వస్తాడు. ఆ ముఖం మైనపు ముద్దలా ఉందని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటున్నారు. కాని ఆ పని చేసింది ఊరూ పేరూ లేని సంస్థ కాదు, ఆ విద్యలో అందరికన్నా ముందున్న ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్. అదే సినిమాలో అదే సంస్థ చేసిన మిగతా వింతలను, లండన్ రోడ్ల మీద రెండంతస్తుల బస్సు వెంటపడే మమ్మీలను, ఇమ్హోటెప్ ముఖంతో లేచి వచ్చే నీటిగోడను, నువ్వు అడిగినవాళ్లలో ఒక్కరూ తప్పుపట్టలేదు. ఎందుకు పట్టలేదు అన్న ప్రశ్న నీకు రావలసింది.

నా సమాధానం చెబుతాను. స్కార్పియన్ కింగ్‌కు కావలసింది ఏమిటో సినిమా మొదటి నిమిషాల్లోనే తేలిపోయింది. ఎడారిలో చావబోతూ, శత్రువు మీద గెలిపిస్తే నా ఆత్మ నీకే అని అనూబిస్‌కు మాట ఇచ్చాడు, గెలిచాడు, ఆ దేవుడు అతణ్ణి తీసుకుపోయాడు. అక్కడితో అతడి కోరిక తీరింది. చివర్లో మళ్లీ వచ్చినప్పుడు ఇప్పుడు అతడికేం కావాలో చూసేవాడికి తెలియదు. కోరిక తెలియని ప్రాణి ముఖం మీదే చూపు నిలుస్తుంది, చూపు నిలిస్తే ముఖంలోని లోపం కనిపిస్తుంది. నీటిగోడ వెనక మాత్రం ఇమ్హోటెప్ పంతం ఉంది కనుక, నీళ్లు ఎలా ఉన్నాయని ఎవరూ చూడలేదు. ప్రేక్షకుడు ‘గ్రాఫిక్స్ బాగాలేవు’ అన్నప్పుడు, ఆ రాక్షసుడు నాకు ఏమీ కాడు అన్న ఫిర్యాదు దాని లోపల ఉంది. దాన్ని బయటికి తీయడమే రాసేవాడి పని.

మన ఉమ్మడి చిత్తూరు జిల్లా దాటి పోకుండానే దీనికి సాక్ష్యం దొరుకుతుంది. ధర్మరాజుల గుళ్లు, ద్రౌపదమ్మ గుళ్లు ఉన్న ఊళ్లలో ఎండాకాలం భారతం జరగడం నువ్వు చూసే ఉంటావు. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. బకాసుర వధ నాడు భీముడి వేషగాడు అన్నం కుండలున్న బండి ఎక్కి వీధి వీధీ తిరుగుతాడు. బకాసురుడికి ఉన్నదల్లా ముఖానికి రంగు, రెండు కోరలు, ఒక పాత దుప్పటి. ఆ కోరలు బాగా కుదరలేదని ఎవరైనా అనగా నేను వినలేదు. వాడికి ఆకలి. ఆకలి ఏమిటో చూసే ప్రతివాడికీ తెలుసు. అందుకే పిల్లలు నిజంగా జడుసుకుంటారు.

నేను రాయడం మొదలుపెట్టిన కొత్తలో, పుత్తూరు దగ్గరి ఒక పల్లెలో భారతం చివరి రోజు చూడటానికి సైకిలు మీద వెళ్లాను. దుర్యోధనుడి పెద్ద మట్టిబొమ్మ నేల మీద వెల్లకిలా పరుచుకుని ఉంది. భీముడు తొడ మీద కొట్టడానికి గద ఎత్తగానే, అందరూ కేకలు వేస్తున్న చోట, ఒక ముసలామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ముఖం తిప్పుకుంది. పక్కనున్నావిడ ఏమైందని అడిగితే, ‘వాడూ ఒక తల్లి కన్న బిడ్డే గదా’ అన్నది. ఆ రాత్రి ఇంటికి వచ్చి ఆమె మాటతోనే మొదలుపెట్టి వ్యాసం రాసి ఒక వారపత్రికకు పంపాను. అచ్చయి వచ్చాక చూస్తే ఆమె లేదు. ఆమె ఉన్న చోట ‘అశేష జనవాహిని భక్తిశ్రద్ధలతో తిలకించి తరించింది’ అని ఉంది. పైగా ఆ సంపాదకుడు కార్డు ముక్క మీద, ప్రేక్షకుల స్పందన నా వ్యాసంలో కొరవడినందున తాను చేర్చవలసి వచ్చిందని రాశాడు. ఆ కార్డును నేను ఈనాటికీ క్షమించలేదు. ఆ వాక్యం కింద నా పేరు ఉంది, నా పేరుతో ఆ ముసలామెను చెరిపేశారు. ఆ తర్వాత ఆయన గదికి నేను మళ్లీ వెళ్లలేదు. ఊళ్లో అచ్చు వేయించుకోవడానికి వేరే దారి లేని రోజులు కనుక, చాలాకాలం నా రాతలు పెట్టెలోనే ఉండిపోయాయి.

ఆ రోజుల తర్వాత పత్రికలు మారాయి గాని ఆ వాక్యం పోలేదు, వేషం మార్చుకుంది. ఒకప్పుడు జనవాహిని తరించింది, ఇప్పుడు బి, సి సెంటర్ల ప్రేక్షకులు ఎంజాయ్ చేస్తున్నారు. పలమనేరులో టికెట్టు కొన్న మనిషిని ఫలానా సెంటరు ప్రేక్షకుడు అన్నంత మాత్రాన అతడి గురించి మనకు ఏమి తెలిసింది? అదంతా డిస్ట్రిబ్యూటర్ల లెక్క. వాళ్లకు ఆ లెక్క అవసరం, వాళ్లు వేసుకోనీ. ఆ లెక్కను సాహిత్యం రాయాలనుకునే పిల్లలు అరువు తెచ్చుకోవడం నేను చూడలేకపోతున్నాను. వ్యాసం చివర నువ్వు వేసిన రెండున్నర నక్షత్రాలూ అలాంటివే. మీ అవ్వ జాలికి ఎన్ని నక్షత్రాలు వేస్తావు?

ఇకమీదట ఎవరినైనా అడగవలసి వచ్చినప్పుడు ‘సినిమా ఎలా ఉంది’ అని అడగవద్దు. ఆ ప్రశ్నకు ఎవరి దగ్గరైనా తయారుగా ఉన్న సమాధానమే ఉంటుంది. ‘లేచిపోదామని ఎక్కడ అనిపించింది’, ‘ఇంటికి పోయాక ఏ ముక్క చెబుతావు, ఎవరికి చెబుతావు’, ‘ఆ రాక్షసుడు గెలిచి ఉంటే నీకేమయ్యేది’ అని అడుగు. అడిగి ఊరుకో. మనిషి మొదట తడుముకుంటాడు, ఆ తడుముకోవడాన్ని నువ్వు నింపకూడదు. థియేటరు గేటు దగ్గర నిలబడి అడిగితే సగం మాటే వస్తుంది, టీ అంగడి దాకా కలిసి నడిస్తే మిగతా సగం వస్తుంది. ఇది నేను పుస్తకంలో చదివి చెబుతున్నది కాదు.

‘మొదటి పార్టంత లేదు’ అన్నవాళ్ల దగ్గరికి మాత్రం నువ్వు తప్పకుండా మళ్లీ వెళ్లాలి. అది బద్ధకపు మాటగా వినిపించినా లోపల విషయం ఉంది. 1999 నాటి మొదటి భాగంలో ఇమ్హోటెప్ ఒక్కసారిగా రాడు. కుళ్లిన కళేబరంగా లేచి, పెట్టె తెరిచిన వాళ్లను ఒక్కొక్కరినీ పీల్చుకుంటూ, వాళ్ల కళ్లూ నాలుకా చర్మమూ తనవి చేసుకుంటూ మనిషి అవుతాడు. ఆ పూర్తి కావడమే భయం. రెండో భాగం నాటికి అతడు మనకు ముఖపరిచయం ఉన్నవాడు. తెలిసిన రాక్షసుడికి రెండోసారి అంతగా జడవలేము కనుక, ఆ లోటు పూడ్చడానికి దర్శకుడు స్టీఫెన్ సోమర్స్ నక్కతల సైన్యాన్నీ, అడవిలో మరుగుజ్జు మమ్మీలనూ, తేలు మనిషినీ తెచ్చి కుమ్మరించాడు. సంఖ్య పెరిగితే చప్పుడు పెరిగింది, భయం పెరగలేదు. కాని భయం ఖాళీ చేసిన చోటే జాలికి జాగా దొరికింది. రెండో భాగంలో మొదటి భాగానికి లేని బలం ఏదైనా ఉంటే అది ఆ అగాధం అంచున ఉంది. నీ కాలేజీ మిత్రులు పోయిన భయాన్ని చూశారు, మీ అవ్వ వచ్చిన జాలిని చూసింది. ఈ రెండింటినీ ఎదురెదురుగా పెట్టి వ్యాసం మళ్లీ రాయి. మీ అవ్వ అన్న మాటను ఆమె యాసలోనే ఉంచు, శుద్ధి చేయవద్దు, మొదటి పేరాలోనే పెట్టు. ఆ మాట అనేటప్పుడు ఆమె ఏం చేస్తోందో, ఎవరి వైపు చూసిందో కూడా అడిగి తెలుసుకో.

తిరగరాసేటప్పుడు రెండు తప్పులు దిద్దుకోవాలి. ఇమ్హోటెప్ అనే దుర్మార్గపు పూజారి చరిత్రలో నిజంగా ఉన్నాడని రాశావు. చరిత్రలోని ఇమ్హోటెప్ ఈజిప్టు రాజు జోసెర్ కొలువులో ఉన్నతాధికారి, సక్కారాలోని మెట్ల పిరమిడ్ నిర్మాణాన్ని ఆయన పేరుతోనే చెబుతారు, తర్వాతి తరాల వాళ్లు ఆయనను వైద్యదేవుడిగా కొలిచారు. ప్రియురాలి కోసం సమాధిలోంచి లేచే కథ సినిమావాళ్లది. అది కూడా సోమర్స్ కల్పన కాదు, 1932లో కార్ల్ ఫ్రాయిండ్ తీసిన ‘ది మమ్మీ’లో బోరిస్ కార్లాఫ్ వేసిన ఇమ్హోటెప్‌దీ అదే బాధ. ఆ సినిమాలో అతడు కట్లు చుట్టుకున్న శవంగా కనిపించేది మొదట్లో కాసేపే, తక్కినదంతా పోయిన మనిషి కోసం వెతుకులాటే. ఇక మూడో భాగాన్ని కూడా సోమర్సే తీశాడని రాశావు. 2008లో వచ్చిన ఆ సినిమాకు దర్శకుడు రాబ్ కోహెన్. అందులో ఎవ్లిన్ పాత్ర వేసింది కూడా మొదటి రెండు భాగాల్లో వేసిన రేచల్ వైజ్ కాదు, మరియా బెల్లో.

తిరగరాసిన ప్రతిని కాగితానికి ఒకవైపే రాసి పంపు. మార్జిన్ వెడల్పుగా వదులు, నాకు రాయడానికి చోటు కావాలి.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి