చెరువు మట్టి డీఎన్ఏకు పీసీఆర్‌లో బ్యాండ్ ఎందుకు రావడం లేదు?

చెరువు అడుగు మట్టి నుంచి తీసిన డీఎన్ఏ కొలిస్తే దండిగా ఉందని, 16ఎస్ ప్రైమర్లతో (బ్యాక్టీరియాలన్నిటిలో ఉండే 16ఎస్ జన్యువును పట్టే చిన్న డీఎన్ఏ ముక్కలు) పీసీఆర్ (డీఎన్ఏ భాగానికి లక్షల నకళ్లు తీసే పద్ధతి) చేస్తే మాత్రం జెల్ మీద బ్యాండ్, అంటే ఆ నకళ్ల గీత, ఏదీ కనబడటం లేదని, డీఎన్ఏ ఇంకా ఎక్కువ వేయాలా అని అడిగారు. వద్దు. తగ్గించండి.

ఎమ్మెస్సీ ప్రాజెక్టులో నేనూ ఇదే పొరపాటు చేశాను. ఒక మైక్రోలీటరుకు రాలేదని రెండు, రెండుకు రాలేదని ఐదు వేస్తూ నెలన్నర పోగొట్టుకున్నాను. ఒకరోజు ట్యూబును కిటికీ వెలుగులో పట్టుకుని చూస్తే లోపల పలచటి టీ డికాక్షన్ రంగు! డీఎన్ఏ ద్రావణానికి రంగు ఉండకూడదు. అది హ్యూమిక్ ఆమ్లాలది. ఆకులూ అలములూ కుళ్లిన మట్టిలో ఇవి పుష్కలం. డీఎన్ఏ వెంటే వచ్చేసి పీసీఆర్‌లో నకళ్లు తీసే ఎంజైము టాక్ పాలిమరేజ్‌ను పనిచేయనివ్వవు. పైగా 260 నానోమీటర్ల దగ్గర ఇవీ కాంతిని పీల్చుకుంటాయి కాబట్టి డీఎన్ఏ కొలిచే యంత్రం వీటినీ డీఎన్ఏ లెక్కలో కలిపేస్తుంది. మీ దండిలో కొంత ఇదే కావచ్చు. 260, 230 నానోమీటర్ల దగ్గర పీల్చుకున్న కాంతుల నిష్పత్తి (260/230) చూడండి. శుభ్రమైన డీఎన్ఏకు 2 దాకా ఉంటుంది. నాది 0.6.

అనుమానం తీర్చుకోవడం తేలికే. మామూలుగా బ్యాండ్ ఇచ్చే ఇ-కోలి బ్యాక్టీరియా డీఎన్ఏతో ఒక ట్యూబు, అందులోనే మీ మట్టి డీఎన్ఏ ఒక మైక్రోలీటరు కలిపి ఇంకో ట్యూబు పెట్టండి. మొదటిదానిలో వచ్చిన బ్యాండ్ రెండోదానిలో రాకపోతే దొంగ దొరికినట్టే. అప్పుడు నమూనాను 10, 50, 100 రెట్లు పలచన చేసి చూడండి. నాకు 50 రెట్ల దగ్గర 1,500 బేస్ జతల బ్యాండ్ స్పష్టంగా వచ్చింది. 25 మైక్రోలీటర్ల మిశ్రమంలో 10 మైక్రోగ్రాముల బీఎస్ఏ (ఆవు రక్తం నుంచి తీసే అల్బుమిన్ ప్రోటీన్) వేస్తే ఇంకా మెరుగు. ఆ ప్రోటీన్ హ్యూమిక్ ఆమ్లాలను తనకు అంటించుకుని ఎంజైమును వదిలిపెట్టేలా చేస్తుంది. అయితే మీరు వెతికేది అరుదైన జీవి అయితే పలచన చేయడంలో అదే జారిపోవచ్చు. అప్పుడు డీఎన్ఏను కాలమ్‌లో (డీఎన్ఏను పట్టి ఉంచి మలినాలను వదిలేసే చిన్న గొట్టం) మరోసారి శుద్ధి చేయక తప్పదు.

బ్యాండ్ వచ్చిన సంబరంలో డీఎన్ఏ బదులు నీళ్లు వేసిన ట్యూబును మరవకండి, అందులో బ్యాండ్ రాకూడదు. టాక్‌ను సాధారణంగా ఇ-కోలిలోనే తయారుచేస్తారు, దాని డీఎన్ఏ తునకలు ఎంజైముతో పాటు రావచ్చు. 16ఎస్ ప్రైమర్లు వాటినీ పట్టేస్తాయి. నాకు 40 సైకిళ్లలో (నకళ్లు తీసే విడతల్లో) నీళ్ల ట్యూబులోనూ సన్నటి గీత వచ్చింది, 30కి తగ్గించాక పోయింది. మా సీనియర్ ఒకరు ఇది చూసుకోకుండా సీక్వెన్సింగ్‌కు పంపి, ఖర్చంతా పెట్టి ఇ-కోలి వరుసలే తిరిగి తెచ్చుకున్నారు.