పాపకు కారు సీటు సరే, దానికి ఈఎంఐ ఎందుకు?

ప్రశ్న: మాది ఒంగోలు. నా వయసు 33. చీమకుర్తి దగ్గర గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లో సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను, జీతం 46,000. నా భార్య ప్రైవేటు స్కూల్లో టీచర్, జీతం 17,000. పాపకు ఏడాదిన్నర. బరువు 10.5 కిలోలు, ఎత్తు 79 సెంటీమీటర్లు. పుట్టినప్పుడు కొన్న బుట్ట సీటు ఇరుకైపోయింది. నెలకు రెండుసార్లు కారులో కావలిలోని అత్తగారింటికి వెళ్లి వస్తాం. పన్నెండేళ్ల దాకా పనికొచ్చే సీటు ఒకటే కొనేస్తే మళ్లీ మళ్లీ ఖర్చు ఉండదని దుకాణంలో 42,000 రూపాయలది చూపించారు. క్రెడిట్ కార్డు మీద 16 శాతం వడ్డీతో 24 నెలల ఈఎంఐ ఇస్తామన్నారు. అదే దుకాణంలో 18 కిలోల దాకా వాడుకునేది 13,500 ఉంది. ఈఎంఐ వద్దనుకుంటే ఫోనులో ఒక లోన్ యాప్ 50,000 ఇస్తానంటోంది. లేదా లక్ష రూపాయల చీటీ ఇప్పుడే పాడుకోవచ్చు, ఇంకా 4 నెలలు మిగిలి ఉంది. ఏది మంచిది? ఖర్చుల వివరాలు, పాలసీ కాపీలు జత చేస్తున్నాను.

జవాబు: బిడ్డ కోసం సీటు కొనాలనుకున్నందుకు ముందు మీకు అభినందనలు. మన ఊళ్లలో ఇప్పటికీ పాపను ముందు సీట్లో అమ్మ ఒళ్లో కూర్చోబెట్టుకుని హైవే ఎక్కేవాళ్లే ఎక్కువ. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 194బి సెక్షన్ ప్రకారం 14 ఏళ్ల లోపు పిల్లలను బెల్టుతో గానీ పిల్లల సీటులో గానీ కట్టి కూర్చోబెట్టకపోతే 1,000 రూపాయల జరిమానా. జరిమానా సంగతి అలా ఉంచండి. వేగంగా పోతున్న కారు ఒక్కసారిగా ఆగితే 10 కిలోల బిడ్డ ఎన్నో రెట్ల బలంతో ముందుకు దూసుకుపోతుంది. ఎంత గట్టిగా పట్టుకున్నా ఏ చేతులూ ఆపలేవు. ఇంట్లో పెద్దవాళ్లు ‘నేను పట్టుకుంటాలే’ అంటే ఈ మాట చెప్పండి.

కాబట్టి సీటు కొనాలా వద్దా అన్న చర్చే లేదు. మీ ఉత్తరానికి ఇంత వివరంగా జవాబు రాయడానికి కారణం వేరే ఉంది. పిల్లల భద్రత అనే మాట వినిపించగానే లెక్కల పుస్తకం మూసేసే తల్లిదండ్రులు వారానికి ఒకరైనా నాకు ఎదురవుతారు. ఆ మాట ఏ వస్తువుకు తగిలించినా దాని ధర అడగడమే పాపం అన్నట్టు ఉంటుంది వాళ్ల వరస. మీ కాగితాలు చూశాక నాకు భయం వేసింది సీటు గురించి కాదు.

మీ బ్యాంకులో ఉన్నది 14,000. ఇంటి అద్దె 11,000, కారు కిస్తు 9,800, ఇల్లు గడవడానికి 24,000, ఊళ్లో అమ్మకు 4,000, ఎండోమెంట్ పాలసీ (పొదుపు, జీవిత బీమా కలిపినది) ప్రీమియం నెలకు విడగొడితే దాదాపు 2,700, చీటీ 5,000. చీటీని పక్కన పెట్టినా నెలకు 51,500 కావాల్సిందే. అంటే మీ జీతం ఈ నెల రాకపోతే బ్యాంకులో ఉన్న డబ్బు, మీ భార్య జీతం కలిపినా మీ ఇల్లు 18 రోజులు నడుస్తుంది. ఇది ఊహించి చెప్పడం లేదు. ఎగుమతి ఆర్డర్లు తగ్గి నిరుడు మీ యూనిట్లో రెండు నెలల జీతాలు ఆలస్యమయ్యాయని, అప్పుడు భార్య గాజులు తాకట్టు పెట్టానని మీరే రాశారు. మీ చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ గ్రానైట్‌కు ఎంత పేరున్నా అది విదేశీ గిరాకీ మీద ఆధారపడ్డ వ్యాపారం. అక్కడ కొనేవాడు ఆగితే ఇక్కడ మీ జీతం ఆగుతుంది. అలాంటి ఉద్యోగంలో ఉండి అత్యవసర నిధి లేకుండా కొత్త ఈఎంఐ మొదలుపెట్టడం తెలిసి చేసే తప్పు.

ఇక ఆ 42,000 లెక్క చూద్దాం. 16 శాతంతో 24 నెలలకు నెల కిస్తు 2,056 రూపాయలు. వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ కూడా కలిపితే మీరు కట్టేది 50,600 దాటుతుంది, ప్రాసెసింగ్ ఫీజు దీనికి అదనం. చీటీ కూడా కట్టాక మీకు నెలాఖరున మిగిలేది 6,500. అందులో మూడో వంతు రెండేళ్లపాటు ఒక సీటుకు రాసిచ్చేస్తారు. లోన్ యాప్ గురించి అయితే నాకు ఓపిక లేదు. అయిదు నిమిషాల్లో ఇస్తామనేవాళ్లు అయిదు నిమిషాల్లో ఎందుకు ఇస్తున్నారో ఆలోచించండి. ఆ యాప్‌ను ఈ రాత్రికే ఫోనులోంచి తీసేయండి.

పైగా ‘పన్నెండేళ్లు’ అన్న మాటే నిలబడదు. సీటు ప్లాస్టిక్ పెంకుకు కూడా గడువు ఉంటుంది. తయారైన తేదీ నుంచి సాధారణంగా 6 నుంచి 10 ఏళ్లు. సీటు అడుగున గానీ వెనక గానీ తేదీ అచ్చు వేసి ఉంటుంది, దుకాణంలోనే తిరగేసి చూడండి. పాపకు ఇప్పుడే ఏడాదిన్నర. పన్నెండేళ్లు నిండాలంటే ఇంకా పదిన్నరేళ్లు. ఆ సీటు తయారై గోదాములో ఏడాది కూర్చుని ఉంటే, పాప దాన్ని వదిలే లోపే దాని ఆయుష్షు తీరిపోతుంది. మన ఎండల సంగతి మీకు చెప్పాలా! రోహిణి కార్తెలో ఒంగోలులో బయట నిలిపిన కారులో బకిల్ ముట్టుకుంటే చెయ్యి చుర్రుమంటుంది. ఆ వేడికి ఏళ్ల తరబడి గుడ్డ, స్పాంజి, పట్టీలు ఎలా ఉంటాయో ఊహించుకోండి.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి దుకాణదారు చెప్పడు. ఒక మోస్తరు ప్రమాదం జరిగినా ఆ సీటు ఇక వాడకూడదు. పైకి ఏమీ కాకపోయినా లోపల పగుళ్లు ఉండవచ్చు. అప్పుడు సీటు పోతుంది, కిస్తులు మాత్రం మిగులుతాయి. కారు బీమా ఉంది కదా అంటారేమో. ఆ కాపీని నేను రెండుసార్లు చదివాను. అందులో ఉన్న పేరు మీది కాదు, మీకు కారు అమ్మిన వ్యక్తిది.

ఇక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే ఈ తప్పు చేసేవాళ్లు మీరొక్కరే కాదు. సెకండ్ హ్యాండ్ కారు కొని, ఆర్‌సీ మార్పించుకుని, ‘పాలసీకి ఇంకా ఏడు నెలల గడువుంది కదా’ అని ఊరుకుంటారు. థర్డ్ పార్టీ రక్షణ (మీ కారు వల్ల ఇతరులకు జరిగే నష్టానికి ఇచ్చేది) కారుతో పాటు మీకు వస్తుంది, నిజమే. కానీ మీ కారుకు జరిగిన నష్టానికి క్లెయిమ్ పెడితే, పాలసీ మీ పేరున లేదు కాబట్టి తిరస్కరిస్తారు. కారు యజమానికి తప్పనిసరిగా ఉండాల్సిన 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా కూడా పాత యజమానికే తప్ప మీకు కాదు. కారు చేతులు మారిన 14 రోజుల్లోగా బీమా కంపెనీకి తెలియజేయాలని చట్టం చెబుతోంది. మీరు కొని ఏడాది కావస్తోంది. ఆర్‌సీ, అమ్మకం కాగితాలు తీసుకెళ్లి దరఖాస్తు ఇవ్వండి. పాత యజమానికి వచ్చిన నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ పెట్టనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మీకు బదిలీ కాదు కాబట్టి ఆ తేడా కొంత కట్టమంటారు, కట్టేయండి. మీరు 42,000 పెట్టి కాపాడుకోవాలనుకున్న పాపకు ఇది అంతకన్నా ముందు కావాల్సిన రక్షణ.

దీని వెనకే మీ జీవిత బీమా. ఏడాదికి 32,000 కడుతూ 6 లక్షల రక్షణ! రేపు మీకేమైనా అయితే ఆ 6 లక్షలు ఇప్పుడున్న ఖర్చులకు ఏడాది కూడా రావు. మీకు కావాల్సింది కోటి రూపాయల టర్మ్ పాలసీ, అంటే పొదుపు కలపని ఉత్త జీవిత బీమా. సిగరెట్ అలవాటు లేని మీ వయసు వ్యక్తికి ఏడాది ప్రీమియం సాధారణంగా మీరు ఇప్పుడు కడుతున్నదానిలో సగం లోపే. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమా ప్రీమియంల మీద జీఎస్టీ కూడా లేదు. రాయి దుమ్ములో పనిచేస్తున్నట్టు దరఖాస్తులో దాచకుండా రాయండి, ప్రీమియం కాస్త పెరిగినా ఫరవాలేదు. టర్మ్ పాలసీ చేతికి వచ్చాకే ఎండోమెంట్ సంగతి తేల్చండి. పెయిడప్ చేయడమా (ఇక ప్రీమియం కట్టకుండా తగ్గిన రక్షణతో ఉంచడం), సరెండరా (రద్దు చేసి డబ్బు తీసుకోవడం) అన్న లెక్క ఏజెంటు నోటితో కాదు, బీమా ఆఫీసులో కాగితం మీద రాయించుకోండి. ఇక ఆరోగ్య బీమా: కంపెనీ ఇచ్చే 2 లక్షల కవర్ ఉద్యోగంతో పాటే పోతుంది. ముగ్గురికీ కలిపి సొంతంగా ఒకటి తీసుకోండి. ఈలోగా బ్యాంకు ఖాతా నుంచే ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా, 436 రూపాయల జీవన జ్యోతి బీమా ఇద్దరికీ చేయించండి. రక్షణ చిన్నదే, కానీ వాటికి సాకులు చెప్పలేరు.

చీటీ ఇప్పుడు పాడవద్దు. పదహారు నెలలు కట్టి, చివరికొచ్చాక తగ్గించి పాడుకోవడం దేనికి? ఆఖరి దాకా ఉంచితే కమిషన్ పోను దాదాపు మొత్తం వస్తుంది. అది రిజిస్టరైన చీటీ అయితేనే ఈ మాట. ఎవరో తెలిసినవాళ్ల ఇంట్లో నడిచే చీటీ అయితే ఇంకోసారి మొదలుపెట్టకండి. ఆ డబ్బు చేతికి రాగానే ఒక్క రూపాయి కూడా కదపకుండా వేరే ఖాతాలో వేయండి, దానికి డెబిట్ కార్డు కూడా వద్దు. దానికి మీ మిగులు కలుపుతూ పోతే ఏడాది లోపు 1.5 లక్షలు, అంటే మూడు నెలల ఖర్చు, చేరుతుంది. తర్వాత ఆరు నెలల ఖర్చుకు తీసుకెళ్లండి. పాప పేరున సుకన్య సమృద్ధి తెరవాలా అని కూడా అడిగారు. తెరవండి, ఏడాదికి కనీసం కట్టాల్సిన 250 కట్టి ప్రస్తుతానికి వదిలేయండి.

ఇప్పుడు సీటు. 13,500 రూపాయలదే మీకు సరిపోయేది. ఆడపిల్లలు సాధారణంగా నాలుగేళ్లకు 15, 16 కిలోలు, మీటరు పొడవు దాకా వస్తారు. కాబట్టి 18 కిలోల సీటు నాలుగేళ్ల దాకా నడుస్తుంది. ఆ తర్వాత కావాల్సింది వీపు ఉన్న బూస్టర్ సీటు, అంటే కారు బెల్టు సరిగ్గా పట్టేలా బిడ్డను ఎత్తులో కూర్చోబెట్టేది. అది అదే దుకాణంలో 6,000 అని మీరే రాశారు. రెండూ కలిపి 19,500. రెండో ఖర్చు ఇంకా రెండేళ్లకు పైగా దూరంలో ఉంది. అప్పటికి కొత్తగా తయారైన సీటు, తాజా గడువుతో, వడ్డీ లేకుండా వస్తుంది.

కొనేముందు కారును దుకాణం ముందుకు తీసుకెళ్లి బిగించి చూడండి. మీది 2017 నాటి కారు, వెనక ఐసోఫిక్స్ కొక్కేలు (పిల్లల సీటును నేరుగా తగిలించే ఇనుప కొక్కేలు) ఉన్నాయో లేదో సీటు సందులో వేలుపెట్టి చూడాలి. లేకపోతే కారు బెల్టుతోనే బిగించాలి, అప్పుడు బెల్టు పొడవు చాలుతుందో లేదో చూసుకోవాలి. నడుం మీదుగా మాత్రమే వచ్చే మధ్య బెల్టు పనికిరాదు. బిగించాక బెల్టు దూరే చోట పట్టుకుని ఊపితే అంగుళానికి మించి కదలకూడదు. సీటు మీద నారింజ రంగు స్టిక్కరు, దాని మీద గుండ్రని గీతలో ఇంగ్లీషు ‘E’ అక్షరం ఉందో చూడండి. R129 అని ఉంటే పక్క నుంచి గుద్దుకునే పరీక్ష కూడా అయినట్టు. పాపను వీలైనన్ని రోజులు వెనక్కి తిప్పే కూర్చోబెట్టండి. కాళ్లు ముడుచుకుంటోందని ముందుకు తిప్పేస్తారు చాలామంది. కాళ్లు ముడుచుకోవడం ఇబ్బంది కాదు, తల పెంకు పై అంచు దాటినా, వెనక్కి తిప్పి వాడటానికి సీటు మీద రాసిన బరువు, ఎత్తు దాటినా ఆ దశ అయిపోయినట్టు. వెనక్కి తిరిగి ఉన్నప్పుడు పట్టీలు భుజాల దగ్గర గానీ కాస్త కింద గానీ ఉండాలి. ముందుకు తిప్పాక భుజాలకు సమానంగా గానీ కాస్త పైన గానీ ఉండాలి. ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తున్న ముందు సీట్లో వెనక్కి తిరిగిన సీటు పెట్టవద్దు. ప్రాణాంతకం. హైదరాబాద్‌లో ఉన్న మీ స్నేహితుడి పాత సీటు 9,000కు తీసుకోవచ్చా అన్నారు. దానికి ప్రమాదం జరగలేదని ఒట్టేసి చెప్పగలవాడైతే, తేదీ చదివి వినిపించగలిగితే బేరమాడి తీసుకోండి. ఆన్‌లైన్‌లో ముక్కూమొహం తెలియనివాడి దగ్గర మాత్రం కొనవద్దు.

13,500 ఎక్కడిది అంటారు. నెల మిగులు రెండుసార్లు కలిపితే 13,000, తగ్గిన 500 కావలి ప్రయాణాల పెట్రోలు ఆదాలో వస్తుంది. ఆ 14,000 జోలికి పోకండి. ఈ రెండు నెలలు కావలికి కారు తీయకండి. దూరం 70 కిలోమీటర్లే కదా అనుకోవద్దు, అది టంగుటూరు టోల్ దాటి లారీలతో కలిసి పోయే 16వ నంబరు హైవే. ఒంగోలు నుంచి కావలికి రైళ్లున్నాయి. అత్తగారు స్టేషనుకు ఎవరినైనా పంపుతారు. ఊళ్లో తప్పనిసరి ప్రయాణాలకు ఇరుకైనా పాత బుట్ట సీటు మీద రాసిన బరువు, ఎత్తు ఇంకా దాటలేదేమో చూసి దానినే వాడండి.

సోమవారం బీమా ఆఫీసుకు వెళ్లేటప్పుడు ఆర్‌సీ జిరాక్సుతో పాటు అసలు కూడా పట్టుకెళ్లండి, లేకపోతే మళ్లీ రమ్మంటారు. దుకాణానికి తర్వాత వెళ్లవచ్చు.