మొదటిసారి ఎవరెస్ట్‌ను చూడబోతున్న చిట్టితల్లికి

చిట్టితల్లీ,

పెదనాన్న ఆశీస్సులు. అక్టోబరులో ఎవరెస్ట్ బేస్ క్యాంప్ ట్రెక్‌కి వెళ్తున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పినప్పటి నుంచి నా మనసు ఆ దారిలోనే తిరుగుతోంది. బూట్లు, జాకెట్ల సంగతి నీ స్నేహితులు చూసుకుంటారు. ఖాట్మండు విమానానికి ఆధార్ కార్డు చెల్లదు, పాస్‌పోర్టో ఓటరు కార్డో మర్చిపోకు. ఇక నేను రాసేదంతా ఆ కొండను ఎలా చూడాలన్నదే.

ఎవరెస్ట్ నీకు పెద్దగా కనిపించదు, ముందే చెబుతున్నాను. 8,848.86 మీటర్ల కొండ కదా, ఆకాశమంతా నిండిపోయి ఉంటుందనుకుని వెళ్లాను నేను. నడక మొదలయ్యే లుక్లా నుంచి రెండో రోజు, ఎత్తైన వేలాడే వంతెన దాటాక నామ్చే బజార్‌కి నిట్టనిలువు దారి మొదలవుతుంది. ఆ ఎక్కుడులో ఒకచోట పైన్ చెట్ల సందులోంచి ఎవరెస్ట్ తొలిసారి కనిపిస్తుందంటారు. నేను చేరేసరికి మధ్యాహ్నం దాటింది, మబ్బు తప్ప ఏమీ లేదు. మర్నాడు పొద్దున్నే నామ్చే పైన టెన్జింగ్ నార్గే విగ్రహం దగ్గరికి ఎక్కాను. కుడివైపు తెల్లగా, కోసుగా, ఠీవిగా నిలబడ్డ కొండను చూసి చేతులు జోడించాను. అది అమా దబ్లమ్, 6,812 మీటర్లు. మా పోర్టర్ నా భుజాలు పట్టుకుని కొంచెం ఎడమకు తిప్పి వేలు చూపించాడు. నుప్త్సే, లోత్సే కలిసి కట్టిన పొడవాటి మంచు గోడ, దాని వెనక నుంచి తొంగి చూస్తున్న నల్లటి ముక్కోణం. చేయి చాపి బొటనవేలు అడ్డం పెడితే మూసుకుపోతుంది.

అక్కడికి అది దాదాపు 30 కిలోమీటర్ల దూరం. ముందున్న గోడలో లోత్సే ఒక్కటే 8,516 మీటర్లు. అందుకే వెనకున్నది చిన్నదనిపిస్తుంది. ఈ పొరపాటు పెద్ద పెద్ద సర్వేవాళ్లకే తప్పలేదు. కాంచన్‌జంగానే అన్నిటికన్నా ఎత్తని చాన్నాళ్లు నమ్మారు. అప్పట్లో 15వ నంబరు శిఖరమని పిలిచిన ఈ ఎవరెస్టే అంతకన్నా ఎత్తని లెక్కలు కట్టి తేల్చి, 1856లో ప్రకటించారు. కాబట్టి కళ్లను నమ్ముకోకు, గుర్తులు పట్టుకో. గాలి మంచును ఊడ్చేస్తుంది గనుక మొన నల్లగా ఉంటుంది. చాలా రోజులు ఆ మొన నుంచి పొగలాంటి తెల్లటి పాయ ఒకటి కుడివైపుకు సాగుతూ ఉంటుంది. అది మబ్బు కాదమ్మా, పడమటి గాలి ఎగరగొడుతున్న మంచు. నాకు కొండ కన్నా ముందు ఆ పాయే మనసుకు పట్టింది. అంత దూరం నుంచి చప్పుడు లేకుండా కదులుతూ ఉంటే, అక్కడ గాలి ఎంత జోరుగా ఉందో ఒళ్లు జలదరించేలా తెలిసింది. మన నిజామాబాద్ జిల్లా పిల్ల మాలావత్ పూర్ణ 2014లో, పద్నాలుగేళ్లు నిండకుండానే, అవతల టిబెట్ వైపు నుంచి ఎక్కింది ఆ మొన మీదికే. అప్పుడు ఆ పిల్ల గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి.

తెల్లారకముందే లే. మధ్యాహ్నానికి మబ్బు కమ్మేస్తుంది. మొదటి అయిదు నిమిషాలు ఫోన్ తీయకు, చలికి బ్యాటరీ పడిపోకుండా లోపలి జేబులోనే ఉండనీ.

ఇంకొకటి, దీనికి మాత్రం నా మాట వినాలి. తల పగిలిపోతుంటే ఏ కొండా కనిపించదు. 3,000 మీటర్లు దాటాక, రాత్రి పడుకునే చోటు ముందురోజు కన్నా 500 మీటర్లకు మించి ఎత్తు పెరగకూడదు. నామ్చేలో రెండు రాత్రులు, డింగ్‌బోచేలో రెండు రాత్రులు ఆగు. మా బృందం ఒక రోజు మిగుల్చుకుందామని డింగ్‌బోచేలో ఆగలేదు. నాకు తలనొప్పి మొదలైంది, నలుగురిలో చెప్పడానికి మొహమాటపడి దాచాను. లోబుచేలో రాత్రంతా వాంతులు. తెల్లవారి అందరూ పైకి, నేను కిందికి. నువ్వు మొహమాటపడకు. తలనొప్పి ఉంటే గైడ్‌కి చెప్పు, తగ్గేదాకా పైకి వెళ్లకు, ముదిరితే అర్ధరాత్రైనా దిగిపో.

నాలుగేళ్లకు మళ్లీ వెళ్లాను. బేస్ క్యాంప్ నుంచి శిఖరం కనిపించదు, ఆ కొండదే పడమటి భుజం అడ్డం వస్తుంది. దాన్ని దగ్గరగా చూడాలంటే గోరక్‌షెప్ పక్కనున్న కాలాపత్థర్ ఎక్కాలి, 5,500 మీటర్ల పైచిలుకు. అందరూ తెల్లవారుజామున ఎక్కుతారు గానీ అప్పుడు సూర్యుడు ఎవరెస్ట్ వెనక నుంచి వస్తాడు, మొహం చీకట్లోనే ఉంటుంది. ఆకాశం తేటగా ఉంటే, గైడ్ సరేనంటే, సాయంత్రం ఎక్కు. పక్క కొండలన్నీ ఒక్కొక్కటే బూడిద రంగుకు తిరిగాక కూడా ఆ మొన ఒక్కటే ఎర్రగా మిగిలి ఉంటుంది. దిగేసరికి చీకటి పడుతుంది, హెడ్‌ల్యాంప్ తప్పనిసరి.

దారిలో మంత్రాలు చెక్కిన మణి రాళ్లు కనిపిస్తే, ప్రదక్షిణ చేసినట్టు వాటిని కుడిచేతి వైపు ఉంచుకుని నడువు. షెర్పాలకు ఆ కొండ చోమోలుంగ్మా, అమ్మవారు.

నామ్చేలో సిగ్నల్ ఉంటుంది. కనిపించిన రోజు ఫోన్ చెయ్యి తల్లీ. ఆ తెల్లటి పాయ ఉందో లేదో చెప్పు.

పెదనాన్న